రేంజ్ రోవరా, డిఫెండరా? వెనక సీట్లో కూర్చుని తేల్చాల్సిన లెక్క

ఒంగోలు పక్కన చీమకుర్తి దగ్గర కర్నూలు రోడ్డు మీద కాసేపు నిలబడితే చాలు, గ్రానైట్ దిమ్మెలు మోసుకెళ్ళే ట్రైలర్ల మధ్యలోంచి ఒక తెల్ల డిఫెండరో, నల్ల రేంజ్ రోవరో తప్పకుండా వస్తుంది. క్వారీలు, పాలిషింగ్ యూనిట్లు ఉన్నవాళ్ళకి మా వైపు ఈ రెండూ చేసే ల్యాండ్ రోవర్ కంపెనీ అంటే అంత మోజు. నాకు ఈ కంపెనీ బండ్లంటే చిన్నప్పట్నుంచీ పిచ్చి, ఆ సంగతి చుట్టాలందరికీ తెలుసు కాబట్టి ఎవరు కొనాలనుకున్నా ముందు నాకే ఫోన్ వస్తుంది. ఈమధ్య మా పెదనాయన వంతు వచ్చింది.

"ఏంది అబ్బాయ్, అన్నీ ఒకే కంపెనీవి గదా, ఒకదానికేమో కోటి, ఇంకోదానికి రెండున్నర కోట్లు! ఏందీ తేడా? ఊరికే పేరుకా?" అన్నాడు.

ఊరికే పేరుకి కాదు. అలాగని ఎక్కువ డబ్బు పెట్టింది మనకి ఎక్కువ పనికొస్తుందనీ కాదు. ఆయనకి విడతలు విడతలుగా చెప్పిందంతా ఒకచోట పెడితే ఇంకెవరికైనా ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నా.

ముందు ఒక మాట. యూట్యూబ్‌లో ఏ రివ్యూ చూసినా సున్నా నుంచి వందకి ఎన్ని సెకన్లు, మలుపులో బాడీ ఎంత వాలింది, స్టీరింగ్ ఎంత బరువుగా ఉంది, ఇవే. అవన్నీ నడిపేవాడి లెక్కలు. మన దగ్గర కోటి పైన పెట్టి బండి కొన్న పెద్దాయన స్టీరింగ్ పట్టుకునేది ఎప్పుడో పండక్కి. మిగతా రోజులన్నీ డ్రైవర్ ముందు, ఆయన వెనక ఎడమ సీట్లో, పక్కన ఫైళ్ళు, లేదంటే పెద్దమ్మ. తిరుపతి వెళ్ళినా, చెన్నై ఆస్పత్రికి వెళ్ళినా, క్వారీకి వెళ్ళినా అంతే. అందుకని నేను ఈ బండ్లని వెనక సీటు నుంచే పోలుస్తా. అలా చూస్తే రివ్యూల్లో మొదట నిలిచేవి వెనక్కి పోతాయి, ఎవరూ పట్టించుకోనివి ముందుకొస్తాయి.

పాత సంగతి కొంచెం తెలిస్తే ఈ రెండు పేర్ల మధ్య తేడా సులువుగా అర్థమవుతుంది. ల్యాండ్ రోవర్ పుట్టింది పొలం పనికి. యుద్ధం అయిపోయాక బ్రిటన్‌లో స్టీలు రేషన్‌లో ఉండేది. రోవర్ కంపెనీ ఇంజనీరు మారిస్ విల్క్స్ వేల్స్‌లోని యాంగిల్సీ దీవిలో తన పొలానికి పాత అమెరికన్ ఆర్మీ జీపు వాడేవాడు, దాని బదులు మనమే ఒకటి చేద్దామని 1947లో అక్కడి సముద్రం ఒడ్డున ఇసుకలో బొమ్మ గీశాడని చెబుతారు. 1948 ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డామ్ మోటార్ షోలో ఆ బండిని జనానికి చూపించారు. స్టీలు దొరక్క బాడీకి అల్యూమినియం వాడారు, అదే తర్వాత తుప్పు పట్టని బండి అని పేరు తెచ్చిపెట్టింది. మన డిఫెండర్ ఆ వరసలోది. రేంజ్ రోవర్ 1970లో వచ్చింది. స్పెన్ కింగ్ అనే ఇంజనీరు, పొలంలో తిరిగే బండే హైవే మీద కారులా మెత్తగా ఎందుకు పోకూడదని, గట్టి కమాను పట్టీల బదులు పొడవాటి కాయిల్ స్ప్రింగులు వేసి, 3.5 లీటర్ల వీ8 ఇంజన్ పెట్టి చేసిన బండి అది. అంటే కూర్చున్నవాళ్ళ సుఖం అనేది రేంజ్ రోవర్‌కి పుట్టుకతోనే ఉంది. డిఫెండర్‌కి అది ఈమధ్య వచ్చింది.

ఈమధ్య అంటే, పాత డిఫెండర్ తయారీ 2016 జనవరి 29న ఇంగ్లండ్‌లోని సోలిహల్ ఫ్యాక్టరీలో ఆగిపోయింది. కొత్తది 2019లో చూపించారు. ఇది మోనోకాక్, అంటే కింద విడిగా ఛాసిస్ ఉండదు. మా వైపు పాత జీపులు నడిపిన పెద్దవాళ్ళు ఈ మాట వినగానే పెదవి విరుస్తారు, ఛాసిస్ లేని డిఫెండరేందని. నేను ఒప్పుకోను. పాతదాంట్లో ముందు రెండు చక్రాలూ ఒక ఇరుసు మీద, వెనక రెండూ ఇంకో ఇరుసు మీద ఉండేవి, ఒక చక్రం రాయెక్కితే రెండోవైపు కూర్చున్నవాళ్ళ నడుము కూడా కదిలేది. కొత్తదాంట్లో నాలుగు చక్రాలకీ విడివిడి సస్పెన్షన్. రామతీర్థం క్వారీల వైపు మట్టిరోడ్డులో వెనక కూర్చుని వెళ్ళినవాళ్ళకి ఆ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక ధరలు. వీటికీ బండి మంచిచెడ్డలకీ సంబంధం తక్కువ, ఎక్కడ తయారైంది అన్నదానికే ఎక్కువ. కంపెనీ 2008 నుంచీ టాటాలది, ఫోర్డ్ దగ్గర 230 కోట్ల డాలర్లకి కొన్నారు. డిఫెండర్, డిస్కవరీ తయారయ్యేది ఇంగ్లండ్‌లో కాదు, స్లొవేకియాలోని నిత్రాలో. పూర్తిగా తయారై వచ్చే ఖరీదైన బండి మీద మన దేశంలో దిగుమతి సుంకం 2025లో నూటికి నూరు పైనే. రేంజ్ రోవర్, రేంజ్ రోవర్ స్పోర్ట్ మాత్రం 2024లో పుణేలో అసెంబుల్ చేస్తామని ప్రకటించారు, 54 ఏళ్ళలో ఆ బండి సోలిహల్ దాటి బయట తయారవడం అదే మొదలు. అప్పుడు రేంజ్ రోవర్ డీజిల్ 2.36 కోట్ల నుంచి, స్పోర్ట్ 1.40 కోట్ల నుంచి అన్నారు, ఎక్స్ షోరూం. ఆ తర్వాత 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద బండ్ల మీద జీఎస్టీ, సెస్సు కలిసి 50 శాతం ఉన్నది 40 అయింది. డిఫెండర్ 110 కోటి దరిదాపుల్లో మొదలవుతుంది. 2025 జులైలో బ్రిటన్‌తో సంతకాలైన వాణిజ్య ఒప్పందంతో డిఫెండర్ చవకవుతుందని మా వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది గానీ, ఆ ఒప్పందం బ్రిటన్‌లో తయారైన బండ్లకి, స్లొవేకియా నుంచి వచ్చేదానికి కాదు. దానికోసం ఎవరైనా బుకింగ్ ఆపుకుని కూర్చుంటే ఆ ఆశ వదిలేయండి. వీటన్నిటి మీదా మన లైఫ్ ట్యాక్స్ ఉంటుంది, బండి ఖరీదు పెరిగేకొద్దీ శాతమూ పెరుగుతుంది, బడ్జెట్ వేసుకునేటప్పుడు దాన్ని చివర్లో గుర్తు తెచ్చుకోకండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా.

మన దగ్గర ఎక్కువగా కనిపించే పెద్ద రేంజ్ రోవర్ పొడుగు మోడల్. మామూలుదాని కంటే 200 మిల్లీమీటర్లు పొడుగు, ఆ మొత్తం వెనక కాళ్ళ దగ్గరికే వెళ్ళింది. ఆరడుగుల మనిషి ముందు కూర్చున్నా వెనక కాలు మీద కాలు వేసుకోవచ్చు. కానీ నాకు అన్నిటికంటే నచ్చింది అది కాదు. బండి ఆగగానే ఎయిర్ సస్పెన్షన్, అంటే స్ప్రింగుల బదులు బండిని మోసే గాలి సంచులు, కిందికి దిగుతుంది, తలుపు తీసేసరికి మెట్టు తగ్గి ఉంటుంది. మా పెద్దమ్మకి మోకాళ్ళ నొప్పులు, మామూలు పెద్ద బండి ఎక్కాలంటే ఒక చెయ్యి డ్రైవర్ పట్టుకోవాలి, ఇంకో చేత్తో తలుపు పైన పిడి పట్టుకుని లేవాలి. షోరూంలో రేంజ్ రోవర్‌లో ఆమె ఎవరి చెయ్యీ పట్టుకోకుండా కూర్చుంది. కూర్చుని సీటు నిమిరి, "ఇదైతే బాగుండాది రా" అంది. అంతే, అరగంట నుంచి సేల్స్ అబ్బాయి చెబుతున్న ఫీచర్ల కంటే ఆ ఒక్క మాటకే పెదనాయన తల తిప్పి చూశాడు.

చప్పుడు కూడా చెప్పుకోవాలి. దీని హెడ్‌రెస్టుల్లో చిన్న స్పీకర్లు ఉంటాయి, చక్రాల చప్పుడుని మైకులతో పట్టి దానికి ఎదురు శబ్దం పంపి తగ్గిస్తాయి. హైవే మీద లారీ పక్కనుంచి వెళ్తున్నా లోపల గొంతు పెంచకుండా మాట్లాడుకోవచ్చు. వెనక డిక్కీ తలుపు రెండు ముక్కలు, పైది పైకి, కిందిది కిందికి బల్లలా వాలుతుంది. 1970 నుంచీ ఇదే పద్ధతి, ఇప్పటికీ మార్చలేదు. క్వారీ దగ్గర నీడలో ఆపి దాని మీద కూర్చుని క్యారేజీ విప్పుకున్నవాళ్ళని నేను చూశా, అంతకంటే మంచి వాడకం దానికి ఉంటుందనుకోను.

వెడల్పు మాత్రం ఇబ్బంది. బయటి పక్క అద్దాలు మూస్తేనే 2047 మిల్లీమీటర్లు, తెరిస్తే 2209. ఒంగోలు గాంధీ రోడ్డులో గానీ, నెల్లూరు చిన్నబజారులో గానీ సాయంత్రం పూట దాన్ని దూర్చాలంటే డ్రైవర్‌కి చెమటలు పడతాయి. వెనక చక్రాలు కూడా 7.3 డిగ్రీల దాకా తిరుగుతాయి కాబట్టి అంత పొడుగు బండి కూడా యూటర్న్‌లో ఆశ్చర్యంగా తిరిగిపోతుంది, కానీ తిరగడం వేరు, సందులో పట్టడం వేరు. కొనేముందు మీ ఇంటి గేటు టేపు పెట్టి కొలుచుకోండి. సరదాకి చెప్పట్లేదు, ఊళ్ళో పాత ఇళ్ళ గేట్లు చాలావరకు అంబాసిడర్ రోజుల్లో పెట్టినవి.

రేంజ్ రోవర్ స్పోర్ట్ దగ్గర చాలామంది పొరబడతారు. పేరులో రేంజ్ రోవర్ ఉంది, ధరేమో దాదాపు కోటి తక్కువ, ఇదే తీసుకుంటే సరిపోతుంది కదా అనుకుంటారు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం పొట్టి రేంజ్ రోవర్‌కి ఉన్నంతే, 2997 మిల్లీమీటర్లు, కింది ప్లాట్‌ఫామ్ కూడా అదే. కానీ పైకప్పు కిందికి, కిటికీలు సన్నం, సీటు లోపలికి దిగి ఉంటుంది. నడిపేవాడికి అది బాగుంటుంది, చుట్టూ బిగించి పట్టుకున్నట్టు ఉంటుంది. వెనక కూర్చున్న డెబ్భై ఏళ్ళ మనిషికి బయట ఊరు కనపడదు, ముందు సీటు వీపు కనపడుతుంది. డిక్కీ తలుపు కూడా ఒకటే ముక్క. సొంతంగా నడుపుకునే ముప్పై, నలభై ఏళ్ళవాళ్ళు నన్నడిగితే కళ్ళు మూసుకుని స్పోర్ట్ తీసుకోమంటా. డ్రైవర్‌ని పెట్టుకునేవాళ్ళు దీనికి డబ్బు పెట్టడం నాకు అర్థం కాదు.

రేంజ్ రోవర్ పేరుతోనే వచ్చే చిన్న బండ్లు వెలార్, ఎవోక్ గురించి ఎక్కువ చెప్పను. వెలార్ చూడ్డానికి వీటన్నిటిలోకీ అందమైన బండి, నా ఓటు దానికే. వెనక మాత్రం ఇద్దరికైతేనే హాయి. ఎవోక్ ఊళ్ళో తిరగడానికి.

డిఫెండర్ దగ్గరికి వస్తే, 90, 110, 130 అని మూడున్నాయి. 90కి పక్క తలుపులు రెండే, ఫొటోల్లో ముచ్చటగా ఉంటుంది గానీ వెనక ఎక్కాలంటే ముందు సీటు మడవాలి, మన ఇళ్ళల్లో అది జరిగే పని కాదు. 110 నాలుగు తలుపులది, వెనక స్టెప్నీతో కలిపి 5 మీటర్లు పైచిలుకు. దీని వెనక సీటులో నాకు నచ్చేది వెలుతురు. కిటికీలు నిలువుగా పెద్దవి, కప్పు అంచుల్లో చిన్న అద్దాలు, సీటు ఎత్తు. ముగ్గురు పెద్దవాళ్ళు భుజాలు తగలకుండా కూర్చుంటారు, రేంజ్ రోవర్‌లో మూడోవాళ్ళకి ఇంత మర్యాద ఉండదు, అది ఇద్దరి కోసం చేసిన బండి. నేల రబ్బరుది తీసుకోవచ్చు. క్వారీ నుంచి బూట్లతో ఎక్కినా, రొయ్యల చెరువు గట్టు నుంచి బురద కాళ్ళతో ఎక్కినా తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. అల్లూరు, ఇందుకూరుపేట వైపు ఆక్వా వాళ్ళు దీన్ని ఇష్టపడటానికి నాకు తెలిసి ఇదే పెద్ద కారణం, తెల్ల లెదర్ మీద చెరువు మట్టి మరక పడితే ఇంట్లో వారం గొడవ.

లోపాలూ ఉన్నాయి. ఎక్కడం ఎత్తు. కాయిల్ స్ప్రింగు మోడల్ కిందికి దిగదు, ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఎయిర్ సస్పెన్షన్ ఉన్నదే చూడండి, అది ఆగినప్పుడు దిగుతుంది. వెనక తలుపు పైకి లేవదు, పక్కకి తెరుచుకుంటుంది, పైగా దానికి స్టెప్నీ బరువు. పెళ్ళి మండపం దగ్గర వెనక ఎవరైనా బండి ఆనించి పెట్టారంటే డిక్కీలోంచి చీరల సంచి కూడా తీయలేం.

130లో ఎనిమిది మంది పడతారు, 5.36 మీటర్ల పొడుగు. చక్రాల మధ్య దూరం 110కి ఉన్నంతే, పెరిగిందంతా వెనక చక్రం అవతలే. అందుకే ఎత్తు మీద నుంచి గుంటలోకి దిగేటప్పుడు వెనక భాగం నేలకి తగిలే ప్రమాదం ఎక్కువ, 110లో 40 డిగ్రీల వాలు దాకా తగలకుండా దిగేది ఇక్కడ 28.5కి పడిపోతుంది. క్వారీ ర్యాంపులు దిగేవాళ్ళు ఈ ఒక్క అంకె గుర్తుపెట్టుకోండి.

మనసులో ఉన్న ఇంకో బాధ కూడా చెబుతా. డిస్కవరీని ఎవరూ పట్టించుకోరు. ఏడుగురు పెద్దవాళ్ళు నిజంగా కూర్చోగలిగే బండి, మెత్తగా పోతుంది, కుటుంబంతో తిరుపతి, శ్రీశైలం వెళ్ళేవాళ్ళకి ఈ కంపెనీలో దీనికి మించింది లేదు. వెనక నంబర్ ప్లేటు ఒక పక్కకి ఉందనీ, చూడ్డానికి బాగోలేదనీ జనం వదిలేశారు. పెదనాయనకి కూడా చూపించా, ఒక చుట్టు తిరిగి చూసి మాట్లాడకుండా వచ్చేశాడు.

నీళ్ళ సంగతి వేరుగా రాయాలి, ఎందుకంటే దీని మీద మా వైపు ధైర్యాలు ఎక్కువ. ఎయిర్ సస్పెన్షన్‌తో డిఫెండర్, రేంజ్ రోవర్ రెండూ 900 మిల్లీమీటర్ల లోతు నీళ్ళల్లో పోతాయని కంపెనీ లెక్క. అది నిలిచిన నీళ్ళకి, నెమ్మదిగా, కింద నేల ఎలా ఉందో తెలిసినప్పుడు. పొంగే వాగుకి కాదు. నీటిమట్టం పెరిగేకొద్దీ బండి తేలికవుతుంది, టైర్ల మీద బరువు తగ్గి నేల మీద పట్టు పోతుంది, అప్పుడు పక్కనుంచి ప్రవాహం తోస్తే ఎన్ని కోట్ల బండైనా జరిగిపోతుంది. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది, మనమెంత. డ్రైవర్‌కి ఈ మాట ఓనరే చెప్పాలి, "ఏం కాదు పోనీ" అనే ఓనర్ దగ్గర డ్రైవర్ ఆగలేడు. ఇన్సూరెన్సులో ఇంజన్ ప్రొటెక్షన్ విడిగా తీసుకోండి, మామూలు పాలసీలో నీళ్ళు మింగి ఇంజన్ పోతే ఇవ్వరు.

చక్రాలు! షోరూంలో అందరూ పెద్ద రిమ్ముల దగ్గరే పడిపోతారు. రేంజ్ రోవర్‌కి 23 అంగుళాల దాకా ఉన్నాయి. రిమ్ము పెద్దదైతే టైరు గోడ సన్నమవుతుంది, రాయికీ రిమ్ముకీ మధ్య రబ్బరు మిగలదు. చీమకుర్తి చుట్టుపక్కల రోడ్డు మీద టిప్పర్ల నుంచి రాలిన గ్రానైట్ ముక్కలు కత్తుల్లా ఉంటాయి. నాకు తెలిసినాయన ఒకరికి సైడు వాల్ కోసుకుపోతే ఆ సైజు టైరు కోసం రోజుల తరబడి బండి షెడ్డులోనే ఉంది. డిఫెండర్‌కి 18, 19, 20 అంగుళాలవి దొరుకుతాయి. మన రోడ్లకి అవే. వెనక కూర్చున్నవాళ్ళకి కుదుపు తగ్గేది కూడా ఆ లావు టైరు గోడ వల్లే, అంటే చిన్న రిమ్ము తీసుకోవడం అనేది సుఖాన్ని వదులుకోవడం కాదు, కొనుక్కోవడం.

సెకండ్ హ్యాండ్ చూసేవాళ్ళు హైదరాబాద్ నుంచో ఢిల్లీ నుంచో తెస్తుంటారు. వేరే రాష్ట్రం బండి అయితే ఎన్‌ఓసీ, అంటే అక్కడి ఆర్టీవో ఇచ్చే అభ్యంతరం లేదన్న కాగితం, ఇక్కడ మళ్ళీ ట్యాక్స్, ఇవి ధరలో కలుపుకోండి. ఎయిర్ సస్పెన్షన్ ఉన్నదానికి ఒక చిన్న పరీక్ష: బండిని పై ఎత్తుకి లేపి, చదునైన చోట రాత్రంతా వదిలేసి, పొద్దున నాలుగు మూలలా చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య దూరం కొలవండి. ఒక మూల దిగిపోయిందంటే అక్కడ గాలి పోతోంది, అలా పోతున్న గాలిని నింపీ నింపీ కంప్రెసర్ అరిగిపోతుంది. పాలిషింగ్ యూనిట్ల దగ్గర తిరిగే బండ్లకి ఆ రాతి పొడి పేస్టులా అంటుకుంటుంది, వారానికోసారి చక్రాల లోపలి వైపు నీళ్ళు కొట్టించాలి. డీజిల్ అయితే టిప్పర్ల వెనక నత్తనడకన తిరిగితే సైలెన్సర్‌లోని ఫిల్టర్‌లో మసి పేరుకుంటుంది, అప్పుడప్పుడూ హైవే మీద ఆపకుండా అరగంట పోనిస్తే అది కాలిపోతుంది. సర్వీసుకి మాత్రం జిల్లా దాటాల్సిందే, నెల్లూరు వాళ్ళకి చెన్నై దగ్గర, మా ఒంగోలు వాళ్ళకి ఎటు చూసినా ఒక రోజు పని. రెండో బండి లేని ఇల్లు వీటి జోలికి పోకపోవడం మంచిది.

ఇదంతా విన్నాక పెదనాయన డిఫెండర్ 110 డీజిల్ దగ్గర ఆగాడు. ఆయనా పెద్దమ్మా ఇద్దరే తిరిగేట్టయితే నేను రేంజ్ రోవర్‌కే ఓటేసేవాణ్ణి, డబ్బుకి కూడా లోటు లేదు. కానీ ఆ ఇంట్లో బండి కదిలితే మనవళ్ళు ఎక్కుతారు, అత్తయ్య ఎక్కుతుంది, దారిలో క్వారీ మేస్త్రి ఎక్కుతాడు. ఎయిర్ సస్పెన్షన్ ఉన్నది, 20 అంగుళాల చక్రాలు, రబ్బరు నేల, పక్కన మెట్టు, ఇంతవరకు అందరం ఒప్పుకున్నాం. రంగు దగ్గర ఆగింది. రాతి పొడికి తెలుపైతే కనపడదని నేనంటే, నల్ల గెలాక్సీ రాయి అమ్ముకుని బతికినోణ్ణి, తెల్ల బండి ఎందుకెక్కుతానని ఆయన అంటున్నాడు. ఈ వారం బుకింగ్.